ఏం చూద్దామనండీ?

ఆమధ్య హైదరాబాదులో ఒక కెమెరాల దుకాణానికి వెళ్ళాను. మేముండే అపార్టుమెంటు వెనక, ఎలా బతికిందో గానీ, ఒక చెరువు మిగిలింది. చలికాలంలో దానిమీద ఏవో పిట్టలు వాలుతున్నాయి. నాలుగో అంతస్తు నుంచి చూస్తే అవి బాతులో కొంగలో తేలడంలేదు. చిన్న దుర్భిణి ఒకటి కొందామని బుద్ధి పుట్టింది. కౌంటరు వెనకున్న మనిషి మర్యాదస్తుడే. "ఎంత పవర్ కావాలి సర్?" అన్నాడు. తెలీదన్నాను. "అయితే ఇది తీసుకోండి, అన్నిటికన్నా ఎక్కువ పవర్" అని ఒక నల్లటి శాల్తీని నా చేతిలో పెట్టాడు. దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకోకుండానే తిరిగిచ్చేసి వచ్చేశాను.

అతని తప్పేం లేదు. అడగవలసిన ప్రశ్న అది కాదని అతనికెవరూ చెప్పలేదు. నాకు చెప్పినాయన ముక్తేశ్వరం రేవులో ఉండేవారు.

ఆయన పేరు రాయను. రాసినా అక్కడ ఎవరూ పోల్చుకోలేరు. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని పేరుతో ఎరిగింది బడి హాజరుపట్టీ ఒక్కటే. మిగతా లోకానికి ఆయన దుర్భిణి మాస్టారు. పోయిన సంగతి నాకు నెల ఆలస్యంగా తెలిసింది. అప్పటికి నేను విజయవాడలో పత్రిక డెస్కులో పడ్డాను. ఎవరెవరి మరణవార్తలనో రెండేసి అంగుళాల్లోకి కుదించడం నా పని. ఆయన కోసం కూడా కాగితం తీసుకున్నాను. ఏ ఊళ్ళో పుట్టారు, ఎన్నేళ్ళు పనిచేశారు, ఎందరు పిల్లలు అని రాసుకుంటూ పోతే ఆ రెండంగుళాలూ నిండాయి గానీ, అందులో ఎక్కడా ఆయన లేరు. చించేశాను.

డెబ్భైల మొదట్లో నేను అమలాపురంలో ఒక దినపత్రికకి విలేకరిగా ఉండేవాణ్ణి. అంతర్వేది తీర్థానికి వార్త రాయడానికి వెళ్ళాలి. అంతకుముందు ఏడాది జనంలో ఇరుక్కుపోయి, రథం చక్రమైనా కంటపడకుండానే "రథోత్సవం కన్నులపండువగా జరిగింది" అని రాసి పంపేశాను. ఈసారి ఆ పాపం వద్దనుకున్నాను. ముక్తేశ్వరంలో ఒక సైన్సు మాస్టారి దగ్గర దుర్భిణులున్నాయనీ, అడిగితే ఇస్తారనీ ఎవరో చెప్పారు. అడిగితే ఇస్తారన్నది నిజమే. ఆ అడగడం ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

గోదావరి గట్టును ఆనుకుని చిన్న పెంకుటిల్లు. వసారాలో బల్ల మీద సన్నటి మనిషి. కళ్ళజోడు లేదు గానీ కళ్ళ చుట్టూ రెండు గుండ్రటి ఒత్తిడి గుర్తులున్నాయి. కూర్చోమన్నారు. వచ్చిన పని చెప్పాను.

"ఏం చూద్దామనండీ?"

"తీర్థమండీ."

"తీర్థంలో ఏమిటండీ?"

"రథమండీ."

"రథంలో?"

ఇలాంటి పరీక్ష ఉంటుందని నేను అనుకోలేదు. "స్వామివార్నండీ" అన్నాను.

"ఎక్కణ్ణుంచి చూస్తారు?"

"జనంలోంచేనండీ."

"మిమ్మల్ని తోస్తారాండీ?"

"తొయ్యకపోతే అది తీర్థమెలా అవుతుందండీ?"

"ఆయ్. అదీ సంగతి" అని లోపలికి వెళ్ళి, అరచేతిలో పట్టే ఇత్తడి దుర్భిణి ఒకటి తెచ్చి ఇచ్చారు. బల్ల మీద అప్పటికే ఇంకొకటి, దీనికి నాలుగింతలున్నది, కనపడుతోంది. నా చూపు దానిమీదే ఉంది.

"అదిస్తే ఇంకా బాగా కనపడుతుందేమోనండీ?"

"ఇస్తానండీ, నాకేం. కానీ తోపులాటలో అది కళ్ళకి పెట్టుకుంటే మీకు స్వామివారు కనపడరు, భూకంపం కనపడుతుంది. దేవుణ్ణి చూడ్డానికి పవర్ అక్కర్లేదండీ. వెడల్పు కావాలి."

ఆయన చర్చిలో ఆదివారం ఆరాధనకి ఒక్క వారం కూడా మానని మనిషి. నరసింహస్వామిని చూడ్డానికి ఏ అద్దం కుదురుతుందో అంత శ్రద్ధగా ఆలోచించి ఇచ్చారు. తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు మొదటి మాట, "కనపడ్డారాండీ?"

"కనపడ్డారండీ."

"మొత్తం కనపడ్డారా, ముక్కలుగా కనపడ్డారా?"

"మొత్తమండీ. రథంతో సహా."

తృప్తిగా తలాడించి, గూట్లోంచి ఒక నోటుబుక్కు తీసి రాసుకున్నారు. తొంగిచూశాను. "రథం: దొరసాని" అని ఉంది.

దొరసాని అంటే నేను తీసుకెళ్ళిన ఇత్తడిదే. ఆయన చదువుకునే రోజుల్లో, స్వదేశం వెళ్ళిపోతూ ఒక మిషన్ దొరసానమ్మగారు ఇచ్చి వెళ్ళారట. నాటకాలు చూసుకునే రకం. మూడు రెట్లే పెద్దది చేస్తుంది, కానీ చూసినంతమేరా చూపిస్తుంది. బల్ల మీదున్న పెద్దదాని పేరు సరంగు. ఓడల్లో పనిచేసి దిగిపోయిన బంధువొకాయన ఇచ్చింది. ఒలవని కొబ్బరికాయంత బరువు. ఏడు రెట్లు చూపిస్తుంది. పొద్దు వాలాక కూడా నీళ్ళ మీద మనిషిని పట్టిస్తుంది. మూడోది మద్రాసు. పదహారు రెట్లు. మేనల్లుడి పెళ్ళికని మద్రాసు వెళ్ళి, రేవు దగ్గర విదేశీ సరుకులమ్మే బజారులో బేరం తెగక, ముహూర్తం తప్పి మరీ కొన్నది. దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదు. "అది మంచిది కాదండీ" అనేవారు, ఇంట్లో చెడు తిరుగుళ్ళు తిరిగే తమ్ముడి గురించి చెప్పినట్టు. అయినా దాన్ని తుడిచేటప్పుడు మాత్రం కొత్త గుడ్డ తీసేవారు.

మూడూ బియ్యం డబ్బాలో ఉండేవి. కోనసీమలో వానాకాలం చెప్పులకీ బూజు పడుతుంది, బైబిలు అట్టకీ పడుతుంది. దుర్భిణి లోపలి అద్దానికి బూజు పడిందంటే ఇక ఆ వస్తువు పోయినట్టే. బియ్యం చెమ్మ లాగేస్తాయని ఆయన సైన్సు. వాటిని గుడ్డసంచుల్లో మూటగట్టి డబ్బాలోకి దింపేవారు. మాస్టారమ్మగారు ఈ సైన్సుకి మొదటి బాధితురాలు.

"అందరిళ్ళల్లో బియ్యంలో రాళ్ళేరుకుంటారండీ" అని నాతో ఒకసారి మొరపెట్టుకున్నారావిడ. "మా ఇంట్లో దుర్భిణులేరుకుంటాం. మొన్న ఎసరు మరుగుతోందని గబగబా డబ్బాలో చెయ్యి పెడితే సరంగొచ్చేడు. పక్కకి పెట్టి మళ్ళీ పెడితే దొరసానమ్మొచ్చింది."

"మద్రాసు రాలేదు కదా?" అన్నారు మాస్టారు కంగారుగా.

"అదెందుకొస్తుందండీ. దాన్ని మీరు అడుక్కంటా పెట్టేరు."

రేవులో ఎవరు దుర్భిణి కొన్నా మొదట ఆయనకి తెచ్చి చూపించవలసిందే. ఆయన దాన్ని వాసన చూసేవారు. చెవి దగ్గర పెట్టి చిన్నగా ఊపేవారు, లోపల వదులైందేమైనా ఉంటే వినపడుతుందని. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కంటివైపు అద్దంలో పడే వెలుగు బిళ్ళ గుండ్రంగా ఉందా, ఓ పక్క కొరికేసినట్టుందా చూసేవారు. ఆ తర్వాత చర్చి గోపురం మీది సిలువ వైపు తిప్పేవారు. సిలువ రెండుగా కనపడితే, ఎంత పెట్టి కొన్నారని కూడా అడక్కుండా జాలిగా తిరిగిచ్చేసేవారు. ఇంత తతంగానికీ ముందు ఆ ప్రశ్న మాత్రం తప్పదు.

ఒక భూస్వామి విశాఖపట్నం నుంచి ఇరవై రెట్ల దుర్భిణి తెచ్చుకుని, కారులో వచ్చి దిగాడు.

"ఇరవై అండీ మాస్టారూ! మీ మద్రాసుకి పెదనాన్న!"

"ఆయ్, సంతోషమండీ. ఏం చూద్దామనండీ?"

"ఏదైనా చూడచ్చండీ."

"ఏదైనా చూడ్డానికి దేవుడు కళ్ళిచ్చేడు కదండీ. దీనికి ఒక్కటి చెప్పాలి."

భూస్వామి కాస్త గొంతు తగ్గించి, "మేడమీద కూర్చుని చూస్తే, చేలో కూలీలు పని చేస్తున్నారో గట్టు మీద కూర్చున్నారో తెలుస్తుందనండీ" అన్నాడు.

మాస్టారు రాజోలు పక్క పల్లె నుంచి వచ్చినవారు. వాళ్ళ నాన్న కూలికి వెళ్ళి ఈయన్ని చదివించారు. ఆ సంగతి ఆ భూస్వామికి గుర్తున్నట్టు లేదు. మాస్టారు దుర్భిణిని ఒకసారి ఇటూ అటూ తిప్పి, ఎంతో మర్యాదగా ఆయన చేతిలో పెట్టారు.

"అందుకిది పనికిరాదండీ."

"మరేది పనికొస్తుందండీ?"

"మీ కాళ్ళండీ. గట్టు మీదకెళ్ళి నించోండి. వాళ్ళు మీకు కనపడతారు, మీరు వాళ్ళకి కనపడతారు. అది సమంగా ఉంటుందండీ."

నోటుబుక్కులో ఆవేళ ఏమీ రాయలేదు.

అలాగని ఆయన ఓడిపోవడం నేను చూడకపోలేదు. కొబ్బరిచెట్ల కింద నిలబడి, సరంగుతో పైకి చూసి, ఏ చెట్టు మొవ్వులో కొమ్ముపురుగు పడిందో చెప్పేసేవారు. రైతులు పిలిపించుకునేవారు కూడా. ఆ ధైర్యంతో ఒకసారి కొబ్బరికాయల దింపు తీయించేచోటికి వెళ్ళి, ఏ గెల ముదిరిందో కింద నుంచే తేలుస్తానన్నారు. నడుముకి కత్తి దోపుకుని చెట్టెక్కబోతున్న దింపు మనిషి ఆగిపోయి అంతా విన్నాడు.

"మాస్టరుగారండీ, మీ అద్దంలో కాయ రంగు కనపడుద్దండీ. మోత ఇనపడుద్దా?"

అతను పైకెక్కి కత్తి మడమతో ఒక్కొక్క కాయనీ తట్టి, విని, గెల కోశాడు. మాస్టారు ఎంచిన గెల లేతది. ఆయనేమీ నొచ్చుకోలేదు. అక్కడే నిలబడి జేబులోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నారు: "దింపు: దుర్భిణి అనవసరం. చెవి చాలు."

ఆయన అసలు కొలువు మాత్రం రేవులో. అప్పటికి మా వైపు గోదావరి మీద వంతెన లేదు. అవతల కోటిపల్లి రేవులో ఎక్కి ఇవతల ముక్తేశ్వరంలో దిగాలి. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీద మనుషులు, సైకిళ్ళు, గొడ్లు, అన్నీ కలిసి వచ్చేవి. అవతల నుంచి పెళ్ళివారొస్తున్నారంటే ఇవతల ఎదురుసన్నాహం ఉండాలి. సన్నాయి ఉండాలి, పన్నీరు ఉండాలి. గట్టెక్కి విడిదిలో కూర్చోగానే పెసరట్టు వెయ్యాలి. ముందు వేసి ఉంచితే చల్లారిపోతుంది, రాకముందు వెయ్యకపోతే ఆలస్యమవుతుంది. పెసరట్టు చల్లారిందని అలిగిన వియ్యంకుళ్ళని నేనే ఇద్దర్ని ఎరుగుదును.

అందుకని పెళ్ళిళ్ళ రోజుల్లో మాస్టారు గట్టు మీద టీ కొట్టు దగ్గర నిలబడి, పంటు నది మధ్యకి రాగానే సరంగుతో తలలు లెక్కపెట్టేవారు. పదిమందికొకసారి చొప్పున నల్లగొడుగు పైకెత్తేవారు. విడిది వాకిట్లో నిలబడ్డ వంటాయన గొడుగుల్ని లెక్కపెట్టుకుని పెనం మీద పిండి పోసేవాడు. నాలుగు గొడుగుల పెళ్ళి, ఆరు గొడుగుల పెళ్ళి అని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఆయన గొడుగు ఎత్తని పెళ్ళి ఒకటుంది. ఆయన్ని తలుచుకుంటే నాకు గుర్తొచ్చేదీ అదే.

మునసబు గారి అమ్మాయి పెళ్ళి. డెబ్భైల చివర ఒక వేసవి. పెళ్ళికి నాలుగు రోజుల ముందు మునసబు గారు మాస్టారింటికి స్వయంగా వచ్చి బల్ల చివర కూర్చున్నారు. నేనూ ఉన్నాను. విషయం రేవంతటికీ తెలిసిందే. ఆయనకి ఒక్కతే అక్కగారు, కె.గంగవరం దగ్గర ఇచ్చారు. ఏడేళ్ళ కిందట మునసబు గారి అబ్బాయి పెళ్ళికి ఆవిడా, బావగారూ పంటు దిగేసరికి సన్నాయివాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు. దండ పట్టుకోవలసిన మనిషి పందిట్లో తగువు తీరుస్తున్నాడు. ఎదురెవరూ లేరు. బావగారు ఎక్కడికెళ్ళినా తన కుర్చీ తనతో తెచ్చుకునే మనిషి. ఇసకలో కుర్చీ వేయించుకుని అరగంట ఎండలో కూర్చుని, వచ్చిన పంటు మీదే వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన వెంట అక్కగారూ వెళ్ళిపోవలసివచ్చింది. మళ్ళీ ఇద్దరూ నది దాటలేదు.

"ఈసారి వీలైతే వస్తామని కార్డొచ్చింది మాస్టారూ" అన్నారు మునసబు గారు. "పెళ్ళికి ముందురోజు పొద్దుటి పంటుకి. మీరు చూసి చెప్పాలి."

"ఆయ్, చెప్తానండీ. కుర్చీ ఉంటుంది కదా, పోల్చుకోవడం ఎంతపని."

"మా అక్క కుడిపక్క నించునుంటుంది. ఆవిడ కూర్చోదు. కానీ వచ్చేరో లేదో చెప్తే చాలదండీ. కోపంగా వస్తున్నారో మామూలుగా వస్తున్నారో చెప్పాలి."

"మొహమాండీ?"

"మొహమేనండీ. కోపంగా వస్తుంటే నేను మోకాల్లోతు నీళ్ళలోకెళ్ళి కాళ్ళు పట్టేసుకుంటాను. మామూలుగా వస్తుంటే గట్టు మీదే దండ వేస్తాను. మామూలుగా వచ్చినాయన కాళ్ళు పట్టుకుంటే, ఏడేళ్ళ కిందటి సంగతి నేనే గుర్తుచేసినట్టవదాండీ?"

గొడుగు విప్పి పట్టుకుంటే మామూలు, ముడిచి పైకెత్తితే కోపం. అలా ఒప్పందమైంది.

మునసబు గారు వెళ్ళాక మాస్టారు బియ్యం డబ్బా ముందు చాలాసేపు కూర్చున్నారు. చివరికి భుజందాకా చెయ్యి పెట్టి మద్రాసును పైకి తీశారు.

"నీళ్ళ మీద పెద్ద పవర్ పనికిరాదని మీరే అంటారు కదండీ?" అన్నాను.

"అంటానండీ. కానీ కోపం చూడాలంటే పదహారు కావాలి. ఏడుకి కోపం అందదు."

"వణుకుతుందేమో మరి?"

"వణుకుతుంది. అందుకే మీరు రావాలి" అంటూ నా భుజం ఎత్తు కొలిచినట్టు చూశారు.

అనుకున్న రోజు పొద్దున్నే రేవంతా పెళ్ళివారే. నీళ్ళ అంచున మునసబు గారు దండ పట్టుకుని నిలబడ్డారు. పక్కనే ఆయన భార్య పన్నీరు బుడ్డితో. వెనక సన్నాయివాళ్ళు, దండ పడగానే ఎత్తుకోవాలని గట్టి ఆజ్ఞతో. ఈసారి టీకి కూడా వెళ్ళనివ్వలేదు, కొట్టు నుంచి టీయే వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఊరు ఊరంతా నది వైపు తిరిగి ఉంది.

పంటు అవతల రేవు వదిలింది. మామూలు కళ్ళకి అగ్గిపెట్టెలా ఉంది. మాస్టారు నన్ను గట్టు అంచున నిలబెట్టి, నా కుడిభుజం మీద తువ్వాలు మడిచి వేసి, దానిమీద మద్రాసును ఆన్చారు.

"ఊపిరి పీల్చకండి."

"ఎంతసేపండీ?"

"మాట్లాడకండి కూడా."

వెనక టీ కొట్టు బల్ల మీద ఎవరో వచ్చి కూర్చున్న చప్పుడైంది. తిరిగి చూసే అధికారం నాకు లేదు. పంటు నది మధ్యకి వచ్చింది.

"సైకిళ్ళు..." అంటున్నారు మాస్టారు నా చెవి పక్కన. "అరటి గెలలు... గెలలు... ఇంకా గెలలేనండీ... మేకలు..." పదహారు రెట్ల దుర్భిణిలో పంటు మొత్తం ఒకసారి కనపడదు. చాటంత చాటంత ముక్కలుగా కనపడుతుంది. "కుర్చీ!"

నా భుజం అదిరింది.

"పోయిందండీ! కదిలేరు మీరు! ఉండండి... మేకలు... ఆఁ, దొరికింది. కుర్చీలో మనిషున్నారు. పట్టు ఉత్తరీయం. కుడిపక్క..." అని ఆగిపోయారు.

"కుడిపక్క?" అన్నాను, దాచుకున్న ఊపిరంతా ఖర్చుపెట్టి.

"కుడిపక్క గేదుందండీ."

ఎడంపక్క కూడా చూశారు. వెనక చూశారు. కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "అక్కగారు లేరండీ" అన్నారు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. కింద మునసబు గారు గొడుగు కోసం ఒకసారి గట్టు వైపు తిరిగి, మళ్ళీ నదికేసి తిరిగిపోయారు.

వెనక బల్ల మీంచి ఒక ఆడమనిషి గొంతు. "ఏం చూస్తున్నారండీ అంతలా?"

"మునసబు గారి అక్కగారి కోసమమ్మా" అన్నారు మాస్టారు, కళ్ళు తియ్యకుండానే. "కాస్త కదలకుండా కూచోండి. బల్ల కదిల్తే గట్టు కదులుతోంది."

"ఆవిడ రాకపోతే ఏమవుతుందండీ?"

"ఏమవుతుందంటే ఏం చెప్పమన్నారమ్మా! పెళ్ళికూతురు పీట మీద కూర్చోనంటోంది. మేనత్త చెయ్యి పడందే నలుగు పెట్టించుకోదట. మునసబు గారు నాలుగింటికి లేచి గడ్డం గీసుకున్నారు. మళ్ళీ ఏడింటికి మర్చిపోయి ఇంకోసారి గీసుకున్నారు. మొన్న నాతో ఏమన్నారో తెలుసాండీ? బావగారి కోపం బావగారిది మాస్టారూ, ఆవేళ మా అక్క పంటెక్కుతూ వెనక్కి తిరిగి చూసింది, అది నాకు ఇప్పటికీ కనపడుతోంది అన్నారు. ఏ అద్దం లేకుండా ఏడేళ్ళ దూరం చూస్తున్నారండీ ఆయన."

వెనక బల్ల ఒకసారి కిర్రుమంది.

"ఆ మాటే ఒక కార్డు ముక్క మీద రాసి పడెయ్యచ్చు కదండీ?"

"రాసేరటమ్మా. చాలా రాసేరట. మాట కుదరలేదని ఒక్కటీ డబ్బాలో వెయ్యలేదు. ఇంతకీ మీరెవరి తాలూకండీ?"

"ఆ కుర్చీ తాలూకేనండీ."

"ఏ కుర్చీ అండీ?"

"మీరు చూస్తున్నదే."

నేను ఊపిరి వదిలేశాను. మద్రాసు నా భుజం మీంచి జారింది. మాస్టారు వెనక్కి తిరిగారు.

అరవై దాటిన మనిషి. జరీ అంచు చీర, మోకాళ్ళ దాకా ఇసక. పక్కన చిన్న రేకుపెట్టె, దానిమీద రెండు పుచ్చకాయలు. "ఏటి మధ్య లంక మీంచి పుచ్చకాయల నావలో వచ్చేనండీ" అందావిడ. "ఆయన రాత్రి వెళ్దామన్నారు. పొద్దున్న చూద్దామన్నారు. వాళ్ళు ఎదురొస్తారో రారో ముందు తెలియాలన్నారు. మా ఇంటికి నేనెళ్ళడానికి నాకెవరెదురు రావాలండీ? పెట్టె పుచ్చుకుని లంక దాకా నడిచేను."

ఆవిడే చెయ్యి చాచి దుర్భిణి అడిగి తీసుకుంది. ఏ భుజమూ అక్కర్లేకుండా ఒక్కసారికే కుర్చీని పట్టింది.

"వచ్చేస్తున్నారే!" అంది. ముక్కుమీద వేలేసుకోబోతే దుర్భిణి అడ్డమొచ్చింది.

"కోపంగా ఉన్నారాండీ?" అడిగారు మాస్టారు, ఒప్పుకున్న పని మరవకుండా.

"కోపానికింకా తీరికైనట్టు లేదండీ. ఆయనకి గేదెలంటే భయం."

దుర్భిణి తిరిగిచ్చేసి ఆవిడ గట్టు దిగింది. ఊరంతా నదికేసి చూస్తోంది గనక ఎవరూ చూడలేదు. సన్నాయివాళ్ళని తప్పించుకుని వెళ్ళి, మరదలి చేతిలోంచి పన్నీరు బుడ్డి తీసుకుంది. ఆ ఇల్లాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకి జరిగింది. మునసబు గారు నది మీంచి చూపు తిప్పకుండా, పక్కనున్నది భార్యే అనుకుని, "గొడుగు లేచిందేమో చూడు" అన్నారు.

"గొడుగెందుకురా. నేనొచ్చేను."

మునసబు గారు తిరిగారు. ఏడేళ్ళు కార్డు మీద కుదరని మాట అప్పుడూ కుదరలేదు. చేతిలో దండ ఉంది. అది తీసి అక్క మెడలో వేసేశారు. "ఒరే, ఆయనకేదిరా మరి?" అంటోందావిడ ఏడుస్తూనే. దండ పడింది గనక సన్నాయి ఎత్తుకుంది.

పంటు ఆనింది. బావగారు దిగారు. వెనకాలే కుర్చీ దిగింది. ఇసకలో ఎక్కడ వేయించుకోవాలా అని ఆయన చోటు చూసుకుంటున్నారు. ఎదురుగా, ఆడపెళ్ళివారి వరసలో అందరికన్నా ముందు, మెడలో దండతో ఆయన భార్య నిలబడి ఆయన మీద పన్నీరు చిలకరించింది.

"ఆయ్, దయచెయ్యండి, దయచెయ్యండి. ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?"

బావగారు ఆవిణ్ణి చూశారు. సన్నాయిని చూశారు. వెనక్కి తిరిగిపోదామంటే పంటు బల్ల మీంచి గేదె దిగుతోంది.

"కుర్చీ ఎక్కడ వెయ్యమంటావు?" అన్నారు.

"పందిట్లోనండీ. ఇక్కడ ఎండ."

గట్టు మీద మాస్టారు గొడుగు చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డారు. విప్పనూ లేదు, ఎత్తనూ లేదు. పెసరట్లు వెయ్యాలో వద్దో తెలీక వంటాయన అక్కడ వాకిట్లో గంతులేస్తున్నాడట.

"మూడు గజాలండీ" అన్నారు చివరికి. "మూడు గజాల్లో ఉన్నారావిడ. దీనికి నలభై అడుగుల్లోపు ఏదీ ఆనదండీ. అట్టపెట్టె మీద రాసే ఉంది."

ఆ సాయంత్రం నోటుబుక్కు నేనే అడిగి చూశాను. "చుట్టాలు: దుర్భిణి అనవసరం. మెడ తిప్పాలి."

ఆ మరుసటి వారం నుంచీ ఎవరొచ్చి దుర్భిణి అడిగినా ఆయన ప్రశ్నలు రెండయ్యాయి. మద్రాసు మళ్ళీ బియ్యం అడుగుకి వెళ్ళిపోయింది. మునసబు గారింట్లో ఆ తర్వాత జరిగిన శుభకార్యాలన్నిటికీ ఆ అక్కగారు వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ముందు టీ కొట్టు దగ్గరికెళ్ళి, నది వైపు చూస్తున్న మాస్టారి వెనక నిలబడి దగ్గేవారు.

ఎనభైల మధ్యలో నాకు విజయవాడ బదిలీ అయింది. వెళ్ళేముందు ఒక మధ్యాహ్నం ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. కంట్లో శుక్లాలొచ్చాయి, ఆపరేషనుకి ఇంకా వాయిదాలు వేస్తున్నారు. వసారాలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. నది ఎదురుగా మెరుస్తోంది. మళ్ళీ ఎప్పుడొస్తానో అనిపించి, ఆయన ఒళ్ళో ఉన్న సరంగు ఒకసారి ఇవ్వమన్నాను.

"ఏం చూద్దామనండీ?"

"ఏదీ లేదండీ. రేవు. వెళ్ళిపోతున్నాను కదా."

ఆ సమాధానం ఆయన ఒప్పుకోరని తెలుసు. దుర్భిణిని ఒళ్ళోనే పట్టుకుని, ఆ మసక కళ్ళతో నా పక్కకేసి చూస్తూ రెండో ప్రశ్న అడిగారు.

"చుట్టుపక్కల చూసేరా?"

తిరిగి చూశాను. నా మోచేతి దగ్గర, మాస్టారమ్మగారు ఎప్పుడు తెచ్చి పెట్టారో, స్టీలు గ్లాసులో కాఫీ మీగడ కట్టి ఉంది.